ఎక్స్‌రే మన ఛాతీలో ఏం చూస్తుంది?

మన హాస్టల్‌కి ఎక్స్‌రే తీసేవాళ్లు వస్తారని తెలిసినప్పటి నుంచి రెండు మాటలు వింటున్నాను. ఆ కిరణాలు తగిలితే ఒంట్లో రక్తం ఎండిపోతుందట. ఫొటోలో మచ్చ కనిపిస్తే టి.సి. చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారట. మొదటిది వట్టి అబద్ధం. రెండోదాని గురించి వార్డెన్ సారునే అడిగాను, అలాంటిదేం లేదన్నారు. సార్ కూడా ఈ గోడ దగ్గర నిలబడి చదువుతారు కాబట్టి ఆ మాట ఇక్కడ రాసిపెడుతున్నాను.

పోయిన ఏడాది దసరా సెలవుల్లో నేను నాచారంలో మా చిన్నమామ గదిలో ఉన్నాను. మామ అక్కడి పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో పనిచేస్తాడు. రెండు నెలలుగా దగ్గు. గది ఓనరుకి తెలిస్తే ఖాళీ చేయమంటాడని లవంగం నములుతూ దాచుకున్నాడు. మా అమ్మ ఫోన్‌లో ఏడిస్తే అప్పుడు కదిలాడు. ఉప్పల్‌లో ఎక్స్‌రే తీయించడానికి నేనే తోడు వెళ్లాను. అక్కడ మిషన్ దగ్గరున్న అన్న నా ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబులు చెప్పాడు. మిగిలినవి మన సైన్సు సారుని అడిగి తెలుసుకున్నాను.

1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ అనే ఆయన చీకటి గదిలో ప్రయోగం చేస్తుంటే, దూరంగా ఉన్న ఒక తెర దానంతటదే మెరిసింది. ఏ కిరణాలో తెలియక ‘ఎక్స్’ అని పేరు పెట్టాడు. లెక్కల్లో తెలియనిదాన్ని మనం ఎక్స్ అనుకుంటాం కదా, అట్లాగే. కొన్ని వారాల తర్వాత భార్య చేతిని ఫొటో తీస్తే ఎముకలు, ఉంగరం కనిపించాయి. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది.

ఇది కూడా వెలుగులాంటిదే, కాకపోతే ఒంట్లోంచి దూసుకుపోతుంది. అన్నిచోట్లా ఒకేలా పోదు. గాలిలోంచి సులువుగా పోతుంది, అందుకని గాలి నిండిన ఊపిరితిత్తులు ఫిల్ము మీద నల్లగా పడతాయి. ఎముక చాలా కిరణాల్ని ఆపేస్తుంది, అది తెల్లగా ఉంటుంది. గుండె, రక్తం, కండ ఈ రెంటికీ నడుమ బూడిదరంగు. లోహమైతే అచ్చ తెలుపు. అంటే ఎక్స్‌రే ఫొటో అసలు ఫొటోనే కాదు, నీడ. నల్లగా ఉండాల్సిన చోట తెల్లటి మబ్బు కనిపిస్తే అక్కడ గాలికి బదులు చీమో, నీరో, గడ్డో ఇంకేదో చేరిందన్నమాట.

నీడ కాబట్టే నిలబెట్టే పద్ధతి ముఖ్యం. దీపానికి దగ్గరగా చెయ్యి పెడితే గోడ మీద నీడ పెద్దదవుతుంది కదా! గుండె ఛాతీకి ముందువైపు ఉంటుంది. అందుకే ఛాతీని పలకకి ఆనించి, కిరణాలు ఆరడుగుల దూరం నుంచి వీపు మీదుగా వచ్చేలా తీస్తారు. అట్లా తీసిన ఫొటోలో పెద్దవాళ్ల గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో సగం దాటకూడదు. ఊపిరి నిండా పీల్చి బిగబట్టమనేది కూడా ఊరికే కాదు. సగం పీలిస్తే ఊపిరితిత్తులు ముడుచుకుని, లేని మబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకో సంగతి: ఫిల్ము చూసేటప్పుడు మనిషి మనకెదురుగా నిలబడ్డట్టు చూడాలి. మన ఎడమచేతి వైపున్నది అతని కుడి.

మామ ఫిల్ములో కుడివైపు పైభాగాన తెల్లటి మబ్బు ఉంది. టీబీ పెద్దవాళ్లలో ఎక్కువగా పైభాగాన్నే పడుతుందట. కానీ డాక్టరు టీబీ అని వెంటనే చెప్పలేదు. ముందుగా, రాళ్లు కొట్టే పని ఎప్పుడైనా చేశావా అని అడిగాడు. రాతిదుమ్ము పీల్చినవాళ్లకి కూడా పైభాగంలోనే మచ్చలు వస్తాయి. న్యుమోనియా కావచ్చు, ఎప్పుడో మానిన పాత మచ్చ కావచ్చు. నీడని చూసి మనిషి పేరు చెప్పలేం కదా. తేల్చింది గళ్ల పరీక్ష. అందులో క్రిమి కనిపించింది. ఆరు నెలలు మందులు, సర్కారు ఆసుపత్రిలో ఉచితం. మందులు వాడినన్నాళ్లూ తిండికని నెలకు 1000 రూపాయలు కూడా. మామకి ఇప్పుడు నయమైంది, అదే గదిలో ఉంటున్నాడు. ఫిల్ములో మాత్రం సన్నటి గీత మిగిలింది.

కిరణాల భయం సంగతి చెప్తాను. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనందరికీ రోజూ కొంత రేడియేషన్ తగులుతూనే ఉంటుంది. ఒక ఛాతీ ఎక్స్‌రేలో తగిలేది అట్లాంటి కొద్ది రోజుల పాటిది. స్విచ్చి తీయగానే కిరణాలు ఆగిపోతాయి, గదిలో ఏమీ మిగలదు. మరి అక్కడి అన్న గోడ చాటుకి ఎందుకు వెళ్తాడంటే, మనకి ఒక్కసారి, అతనికి రోజూ. సీటీ స్కాన్ కూడా ఎక్స్‌రేనే, చుట్టూ తిరుగుతూ తీసి కంప్యూటరు ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. 1971లో హౌన్స్‌ఫీల్డ్ మొదటిసారి ఒక రోగికి తీశాడు. దానికి వందల ఎక్స్‌రేలంత రేడియేషన్ పడుతుంది కాబట్టి ఊరికే తీయించుకోకూడదు.

ఉప్పల్ రోడ్డులో, హబ్సిగూడ దగ్గర ఎన్.జి.ఆర్.ఐ. ఉంది. భూమి లోపల ఏముందో తవ్వకుండా తెలుసుకునే శాస్త్రజ్ఞులు అక్కడ పనిచేస్తారు. నేలలోకి పంపిన కంపనాలు తిరిగొస్తే వింటారు, అయస్కాంతశక్తిని కొలుస్తారు. ఆసుపత్రిలోనూ అంతే. అల్ట్రాసౌండ్ ధ్వనితో, ఎమ్మారై పెద్ద అయస్కాంతంతో చూస్తాయి. ఆ రెండింటిలో ఎక్స్ కిరణాలు ఉండవు. మరి ఛాతీకి అవే వాడొచ్చు కదా అంటే, అల్ట్రాసౌండు గాలిలోంచి సరిగా పోదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే చూడ్డానికి పనికొస్తుంది.

2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో చేత్తో పట్టుకుని తిరిగే ఎక్స్‌రే మిషన్లు ఊళ్లకి తెచ్చారు. మన దగ్గరికీ అట్లాంటిదే వస్తుందనుకుంటున్నాను. ఆ రోజు మెడలో గొలుసులు, తాయెత్తులు, లోహపు గుండీలు ఉండొద్దు, అవి తెల్లగా పడి లోపలిదాన్ని కప్పేస్తాయి. తాయెత్తు తీయడం ఇష్టం లేనివాళ్లు జేబులో పెట్టుకోవద్దు, పక్కవాడి చేతికివ్వండి. ఆడపిల్లలు జడ పైకి ముడి వేసుకోవాలి. రెండు వారాలకి మించి దగ్గున్నవాళ్లు ఫొటోలో ఏమీ లేదన్నా గళ్ల పరీక్ష అడగండి. ఎవరికైనా ఫిల్ము ఇస్తే పెట్టె అడుగున దాచండి. మళ్లీ ఎప్పుడైనా తీస్తే పక్కపక్కన పెట్టి చూడ్డానికి డాక్టరుకి అదే కావాలి.