450 కిలోమీటర్ల హైవే, చివర్లో కాలువ గట్టు: నా స్పోర్ట్ టూరర్‌ని ఎలా ఎంచుకున్నానంటే

హైదరాబాద్ నుంచి అమలాపురం దాదాపు 450 కిలోమీటర్లు. మా జిల్లా కేంద్రానికి ఇప్పటికీ రైలు లేదు. రాజమండ్రిలో దిగి మళ్లీ బస్సెక్కాలి, లేదంటే హైదరాబాద్‌లోనే నైట్ బస్సు పట్టుకోవాలి. పండగ రోజుల్లో ఆ బస్సు టికెట్ దొరకడమంటే ఫ్లాష్ సేల్‌లో ఫోన్ దొరికినట్టే.

పోయిన వర్షాకాలం ఒక రాత్రి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. నాన్నగారు కళ్లు తిరిగి పడిపోయారు, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం అని. బస్సుల్లో సీట్లు లేవు. నా దగ్గరున్న పాత 150సీసీ కమ్యూటర్ బైక్ తీసి పది గంటలకి బయల్దేరాను. విజయవాడ దాటేసరికి చేతులు తిమ్మిరెక్కాయి, నడుం పట్టేసింది. ఆ తర్వాత ఒక క్షణం ఏమైందో గుర్తులేదు. టైరు రోడ్డు అంచున తెల్లగీత దాటి కంకరలోకి దిగిన చప్పుడుకి మెలకువ వచ్చింది. హనుమాన్ జంక్షన్ దగ్గర టీ కొట్టు బల్ల మీద రెండు గంటలు పడుకుని, తెల్లారాక ఇల్లు చేరాను. నాన్నగారు బాగానే ఉన్నారు. నన్ను చూసి అన్న మొదటి మాట: "ఇంత రాత్రి బండి మీద ఎవడు రమ్మన్నాడ్రా నిన్ను?"

ఆ రోజే రెండు నిర్ణయాలు తీసుకున్నాను. ఒకటి, రాత్రి నిద్ర మానుకుని బండి తోలకూడదు. రెండు, దూరం వెళ్లడానికి తగిన బండి కొనాలి. ఈ ఆర్టికల్ ఆ రెండో నిర్ణయం గురించి.

అసలు స్పోర్ట్ టూరర్ అంటే ఏంటి?

స్పోర్ట్స్ బైక్‌లో మనిషి ట్యాంక్ మీదకి వంగిపోతాడు. క్రూజర్‌లో కాళ్లు ముందుకి చాపి కూర్చుంటాడు. ఈ రెండింటికీ మధ్యలో ఉండేదే స్పోర్ట్ టూరర్. గాలి తగలకుండా ఫెయిరింగ్ లేదా విండ్‌షీల్డ్, కొంచెం నిటారుగా కూర్చునే పొజిషన్, వెనక మనిషికీ సామానుకీ చోటు, ఓవర్‌టేక్‌కి సరిపడా పవర్ ఇందులో ఉండాలి. విదేశాల్లో ఈ పేరు చెప్తే యమహా ఎఫ్‌జేఆర్1300, కవాసకి నింజా 1000ఎస్ఎక్స్ లాంటి వెయ్యి సీసీ దాటిన బళ్లు గుర్తొస్తాయి. మన బడ్జెట్‌లో ఆ పని 200 నుంచి 400సీసీ బళ్లే చెయ్యాలి.

నా బడ్జెట్ రెండున్నర లక్షలు. లిస్టులోకి నాలుగు వచ్చాయి. 2025 చివర్లో నేను పోల్చినప్పటి స్పెసిఫికేషన్లు ఇవి:

బజాజ్ డామినార్ 400: 373సీసీ, 40 పీఎస్, 35 ఎన్ఎం టార్క్, బరువు 193 కేజీలు, ట్యాంక్ 13 లీటర్లు.

సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ 250: 249సీసీ ఆయిల్ కూల్డ్, 26.5 పీఎస్, 22.2 ఎన్ఎం, 161 కేజీలు, 12 లీటర్లు.

హీరో కరిజ్మా ఎక్స్ఎంఆర్: 210సీసీ లిక్విడ్ కూల్డ్, 25.5 పీఎస్, 20.4 ఎన్ఎం, 163.5 కేజీలు, 11 లీటర్లు.

కవాసకి నింజా 300: 296సీసీ ట్విన్ సిలిండర్, 39 పీఎస్, 26.1 ఎన్ఎం, 179 కేజీలు, 17 లీటర్లు.

నింజా ధర మూడు లక్షల పైనే. కొనలేనని తెలుసు. అయినా లిస్టులో పెట్టాను, ఎందుకంటే పోలికకి ఒక కొలబద్ద కావాలి. పైగా ఆశ చావదు కదా!

స్పెక్ షీట్ ఏం చెప్పింది?

మొదట ఫోన్లు పోల్చినట్టే ఎక్సెల్ షీట్ వేశాను. పవర్‌ని బరువుతో భాగిస్తే టన్నుకి నింజా 218 పీఎస్, డామినార్ 207, జిక్సర్ 165, కరిజ్మా 156. ఇక్కడితో ఆగితే నింజా ఫస్ట్, డబ్బుల్లేకపోతే డామినార్, అంతే. కానీ టార్క్ పక్కనున్న ఆర్‌పీఎం కూడా చూడాలి. డామినార్ తన 35 ఎన్ఎం టార్క్‌ని 6,500 ఆర్‌పీఎం దగ్గరే ఇస్తుంది. నింజా తన 26.1 ఎన్ఎం ఇవ్వాలంటే 10,000 దాకా తిరగాలి. అంటే లారీని దాటాలంటే డామినార్‌లో థ్రాటిల్ తిప్పితే చాలు, నింజాలో రెండు గేర్లు తగ్గించుకోవాలి.

ట్యాంక్ సైజు గురించి నేను చాలా ఆలోచించాను. తీరా లెక్కేస్తే అది పెద్ద విషయమే కాదని తేలింది. జిక్సర్, కరిజ్మా లీటరుకి 35, డామినార్ 27, నింజా 25 ఇస్తాయనుకుందాం. ఫుల్ ట్యాంక్‌తో జిక్సర్ 420, కరిజ్మా 385, డామినార్ 351, నింజా 425 కిలోమీటర్లు వెళ్తాయి. మా ఊరు 450. నాలుగింట్లో ఏది కొన్నా దారిలో ఒక్కసారి బంకు దగ్గర ఆగాల్సిందే. 17 లీటర్ల ట్యాంక్ ఉన్నా ఆగాలి, 11 లీటర్లున్నా ఆగాలి. నా నడుం ఎలాగూ అంతకంటే ముందే ఆపమంటుంది.

హైవే టెస్ట్

డామినార్ మా బావది. జిక్సర్ ఆఫీసులో ఫ్రెండ్‌ది. కరిజ్మా మా ఊళ్లో ఒక తమ్ముడిది. ఈ మూడూ ఒక్కో వీకెండ్ అడిగి తీసుకున్నాను. నింజా మాత్రం షోరూమ్ టెస్ట్ రైడ్ వరకే.

హైవే మీద డామినార్‌ని కొట్టేది లేదు. ఆరో గేర్‌లో వేసి వదిలేస్తే అలా సాగిపోతుంది. పక్కనుంచి బస్సు దూసుకెళ్లినా బరువు వల్ల కదలదు. ఇది తీసుకున్నాక జిక్సర్ ఎక్కితే మొదటి పది నిమిషాలు బక్కగా అనిపించింది.

తర్వాత ఒక ప్రశ్న వేసుకున్నాను. నేను నిజంగా ఎంత స్పీడులో వెళ్తాను? కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల హైవే మీద టూవీలర్ గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లు. ఆ వేగంలో జిక్సర్ ఇంజన్‌కి కష్టమే లేదు, ఓవర్‌టేక్‌కి ఇంకా మిగులుంటుంది. 40 పీఎస్‌లో సగం నేను వాడని పవర్. నాలుగు కెమెరాల ఫోన్ కొని రోజూ ఒక్క కెమెరాతో ఫొటోలు తీసినట్టు. గాలి విషయంలో జిక్సర్, కరిజ్మాలకి ఫుల్ ఫెయిరింగ్ ఉంది. వానలో మోకాళ్లు తక్కువ తడుస్తాయి. డామినార్‌కి టూరింగ్ విండ్‌షీల్డ్ ఛాతీని కాపాడుతుంది, కాళ్లని కాదు.

రావులపాలెం దాటాక

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. రావులపాలెంలో హైవే దిగి కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్లే ముప్పై అయిదు కిలోమీటర్లే నా బండి రోజూ తిరిగే రోడ్డు. ఎదురుగా కొబ్బరికాయల లోడు లారీ, పక్కన కాలువ. కోతల టైములో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. ప్రతి ఊరి మొదట్లో, చివర్లో ఇష్టమొచ్చిన ఎత్తులో స్పీడ్ బ్రేకర్లు.

నింజా ఇక్కడే అవుట్. దాని గ్రౌండ్ క్లియరెన్స్ 140 మిల్లీమీటర్లు. జిక్సర్‌కి 165, కరిజ్మాకి 160, డామినార్‌కి 157. మా ఊళ్లో ఆ పాతిక మిల్లీమీటర్ల తేడాలో ఫెయిరింగ్ కింది భాగం పగులుతుందా లేదా అన్నది ఉంటుంది.

డామినార్‌తో కష్టం పంటు దగ్గర తెలిసింది. అక్కావాళ్లది నరసాపురం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ దాటేయొచ్చు, లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. రేవులో ఏటవాలు, పైగా తడి. ముందు రెండు స్కూటర్లు, వెనక తోపుడు బండి. 193 కేజీల బండిని పంటు మీద వెనక్కి తిప్పుతుంటే చెప్పు జారింది. బండి పడలేదు, పక్కనున్న ఆయన హ్యాండిల్ పట్టుకున్నాడు. "బాబూ, బండి నిన్ను తోల్తందా, నువ్వు బండిని తోల్తన్నావా?" అన్నాడు. రేవులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. డామినార్‌కీ జిక్సర్‌కీ తేడా 32 కేజీలు, అంటే నిండు గ్యాస్ సిలిండర్ కంటే కాస్త ఎక్కువ. కదిలే బండి మీద ఆ బరువు తెలియదు. ఆగిన బండి మీద మొత్తం కాళ్లలోనే ఉంటుంది.

వెనక సీటు రివ్యూయర్: నాన్నగారు

నాన్నగారిని నెలకోసారి చెకప్‌కి కాకినాడ తీసుకెళ్లాలి. అందుకే మూడు బళ్ల మీదా ఆయన్ని ఎక్కించాను.

కరిజ్మా వెనక సీటు ఎత్తుకి కాలు లేపలేక, "ఒరే, ఇది బండా, నిచ్చెనా?" అన్నారు. జిక్సర్ సీటు కొంచెం నయం కానీ అదీ స్ప్లిట్ సీటే, పట్టుకోవడానికి సరైన ఆసరా లేదన్నారు. డామినార్ ఎక్కగానే ఆయన ముఖం మారిపోయింది. వెడల్పు సీటు, వెనక బ్యాక్‌రెస్ట్. "ఇది కుర్చీలా ఉంది" అని ముమ్మిడివరం దాకా వెళ్లొద్దామన్నారు.

అంటే జిక్సర్ గెలిచే చోటే డామినార్ ఓడింది, డామినార్ గెలిచే చోటే జిక్సర్ ఓడింది. ఈ ఒక్క విషయం దగ్గర నేను రెండు వారాలు ఆగిపోయాను.

ఫోన్, స్క్రీన్ సంగతి

మన సైట్ కాబట్టి ఇది చెప్పకపోతే ఒప్పుకోరు. జిక్సర్‌లో బ్లూటూత్‌తో టర్న్ బై టర్న్ నావిగేషన్, కాల్ అలర్ట్స్ ఉన్నాయి. కరిజ్మాలోనూ అంతే. డామినార్‌కి 2025 అప్‌డేట్‌లో కలర్ డిస్‌ప్లే, నాలుగు రైడింగ్ మోడ్స్ వచ్చాయి. వీటిలో రెయిన్ మోడ్ ఒక్కటే నాకు నిజంగా నచ్చింది. నింజా మీటర్‌లో ముల్లు, చిన్న ఎల్‌సీడీ, అంతే.

బైక్ స్క్రీన్ మీద బాణం గుర్తు చాల్లే అనిపిస్తే హ్యాండిల్‌కి ఫోన్ బిగించకండి. బైక్ ఇంజన్ వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో యాపిలే హెచ్చరించింది. తప్పదంటే వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడండి.

ట్యాక్స్, సర్వీస్, ఉప్పుగాలి

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. 350సీసీ వరకు బైకులకి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆపైన 40 శాతం. అంటే జిక్సర్, కరిజ్మా, నింజా తక్కువ శ్లాబులో ఉంటే, 373సీసీ డామినార్ పై శ్లాబులో పడింది. స్పెక్ షీట్‌లో ఎప్పుడూ పట్టించుకోని సీసీ అంకె ఇప్పుడు నేరుగా జేబుని తాకుతోంది.

ఇంకో మాట. మా దగ్గర సముద్రం గాలి. చైన్ మీద లూబ్ లేకుండా రెండు వారాలు వదిలేస్తే ఎర్రగా తుప్పు పడుతుంది. ఏ బండి కొన్నా చైన్ క్లీనర్, లూబ్ డబ్బా బిల్లులో కలిపి లెక్కేసుకోండి. కొనే ముందు మీ ఊరికి దగ్గర్లో ఆ మోడల్ స్పేర్లు దొరుకుతాయో లేదో మెకానిక్‌ని అడగండి, సేల్స్‌మన్‌ని కాదు.

మధ్యలో 2025 అక్టోబర్‌లో టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300 వచ్చి కాస్త కన్ఫ్యూజ్ చేసింది. 299సీసీ, 36 పీఎస్, క్రూజ్ కంట్రోల్, 200 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్. పొడుగ్గా ఉండేవాళ్లు తప్పకుండా చూడాల్సిన బండి. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, దాని సీటు ఎత్తు 835 మిల్లీమీటర్లు. పంటు గుర్తొచ్చి వదిలేశాను.

చివరికి ఏది కొన్నాను?

రెండు వారాలు తేల్చుకోలేకపోతుంటే నాన్నగారే తేల్చారు. "నేను ఎక్కేది నెలకోసారి. నువ్వు తోలేది రోజూ. నేను కాకినాడ బస్సులో వెళ్తాను. నీ కాళ్లు నేలకి ఆనే బండి కొనుక్కో" అన్నారు.

జిక్సర్ ఎస్ఎఫ్ 250 కొన్నాను. బడ్జెట్‌లో మిగిలిన డబ్బుతో మంచి ఫుల్ ఫేస్ హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, మోకాలి గార్డులు తీసుకున్నాను. నా లెక్కలో అదే అసలైన అప్‌గ్రేడ్.

మీ లెక్క వేరే కావచ్చు. ఎప్పుడూ ఇద్దరే తిరుగుతారు, ఎక్కువగా హైవే మీదే ఉంటారు, బరువుని కాళ్లు మోస్తాయి అంటే కళ్లు మూసుకుని డామినార్. కాలేజీ రోజుల నుంచి కరిజ్మా పేరు గుండెల్లో ఉండిపోయింది, వెనక సీటు అవసరం లేదంటే ఎక్స్ఎంఆర్. బడ్జెట్ ఎక్కువ, నున్నటి రోడ్లు, ట్విన్ సిలిండర్ సౌండ్ కావాలంటే నింజా. ఏది కొన్నా ముందు అది మీ ఇంటి ముందు సందులో తిరుగుతుందో లేదో చూడండి. షోరూమ్ ముందు రోడ్డు మీద ప్రతి బండీ బాగానే ఉంటుంది.

మొదటి ట్రిప్ తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాను. నిద్ర రాలేదు, చేతులు తిమ్మిరెక్కలేదు. అయినా హనుమాన్ జంక్షన్‌లో అదే టీ కొట్టు దగ్గర ఆగాను. ఆ బల్ల మీద కాసేపు కూర్చుని, టీ తాగి, ఇంటికి ఫోన్ చేసి చెప్పాను: "పగలే వస్తున్నానండీ, మధ్యాహ్నం భోజనానికి ఉంటాను."