లెవెల్ పెరిగితే దెబ్బ పెరగాలా, చెయ్యి తిరగాలా? ఓపెన్ వరల్డ్ గేమ్స్‌లో ఆర్పీజీ, యాక్షన్ కలిసే చోటు

నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది, గంటకి 15 రూపాయలు. మైపాడు నుంచి బస్సెక్కి వచ్చి, నేనూ మా పిన్ని కొడుకూ ఒకే కుర్చీలో సర్దుకుని జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్లం. ఒకరోజు ఒక మిషన్ దగ్గర గేమ్ మమ్మల్ని వెనక్కి పంపేసింది. సీజేకి లంగ్ కెపాసిటీ చాలదంట. మిగిలిన టైమంతా వాణ్ని నీళ్ల కింద ఈత కొట్టిస్తూ కూర్చున్నాం. "ఏందిరా ఇది, కాల్చుకునే గేమ్ అనుకుంటే ఈత నేర్పిస్తా ఉండాం" అన్నాడు మావాడు.

అప్పుడు మాకు తెలీదు గానీ, ఆ ఈతే ఆర్పీజీ. యాక్షన్ గేమ్‌లో గెలుపు మీ వేళ్ల మీద ఆధారపడుతుంది. ఆర్పీజీలో మీ క్యారెక్టర్ పేరు పక్కనున్న అంకెల మీద ఆధారపడుతుంది. ఈ రెండూ ఒకే గేమ్‌లోకి వస్తే ఒక చిక్కు మొదలవుతుంది: కత్తి తగిలిందా లేదా అన్నది ఎవరు చెప్పాలి? మీ వేలా, అంకెలా?

2002లో వచ్చిన మారోవిండ్‌లో అంకెలే చెప్పేవి. కళ్లెదుట కత్తి శత్రువు ఒంట్లోంచి దూసుకుపోయేది, కానీ లోపల పాచికలు మాత్రం "తగల్లేదు" అనేవి. కొత్తగా ఆడేవాళ్లకి ఒళ్లు మండేది. 2006లో ఆబ్లివియన్ దీన్ని మార్చింది. కత్తి తగిలితే తగిలినట్టే, ఎంత గట్టిగా అన్నదే అంకెలు చెప్తాయి. బాగుంది కదా అనుకుంటే, ఇంకో తప్పు చేసింది. మీ లెవెల్‌తో పాటు లోకమంతా పెరుగుతుంది. దారి కాచి చిల్లర అడిగే దొంగ కూడా కొన్నాళ్లకి ఖరీదైన గ్లాస్ కవచం వేసుకుని నిలబడతాడు. అంత డబ్బుంటే వాడికి దారి కాచే ఖర్మేంటి?

నన్ను ఎక్కువ విసిగించింది మాత్రం 2017 నాటి అసాసిన్స్ క్రీడ్ ఒరిజిన్స్. చప్పుడు చేయకుండా పొదల్లోంచి పాక్కుంటూ వెనకనుంచి వెళ్లి మెడలో కత్తి దించుతాం. వాడి లెవెల్ మనకంటే బాగా ఎక్కువైతే హెల్త్ బార్‌లో ఒక ముక్క తగ్గుతుంది, అంతే. వాడు లేచి మనల్ని చితక్కొడతాడు. మీ చెయ్యి పనంతా సరిగ్గానే చేసింది, అంకె వచ్చి కొట్టేసింది. ఈ గొడవ కంపెనీకీ తెలిసినట్టుంది, 2020లో వచ్చిన వల్‌హల్లా సెట్టింగ్స్‌లో ఒక్క పోటుతో చంపే ఆప్షన్ పెట్టారు.

శాన్ ఆండ్రియాస్ ఇక్కడే తెలివిగా ఆలోచించింది. అందులో శత్రువులకి లెవెల్ లేదు. పిస్టల్ వాడేకొద్దీ స్కిల్ పెరుగుతుంది, పెరిగితే గురి కుదురుతుంది, చివరికి రెండు చేతుల్లో రెండు పిస్టల్స్ పట్టుకుంటాడు. సైకిల్ తొక్కేకొద్దీ ఎత్తుగా ఎగురుతుంది. స్టాట్స్ స్క్రీన్ తెరవకపోయినా తేడా మీ చేతికి తెలుస్తుంది. కలయిక కుదిరిందా లేదా అనడానికి నా లెక్క ఇదొక్కటే.

ఎల్డెన్ రింగ్ (2022) ఇదే పనిని ఇంకా గట్టిగా చేసింది. మీరు మోసే బరువు మీ లిమిట్‌లో 30 శాతం లోపుంటే రోల్ చురుగ్గా పడుతుంది. 70 దాటితే బియ్యం బస్తా దొర్లినట్టే. ఎండ్యూరెన్స్‌లో పాయింట్లు పెడితే లిమిట్ పెరుగుతుంది, అంటే అంకె మారితే మీ టైమింగ్ మారుతుంది. అలాగని అంకె లేనివాడికి తలుపు మూసెయ్యదు. లెవెల్ 1తోనే గేమ్ ముగించినవాళ్లున్నారు. జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అయితే ఎక్స్‌పీ అనేదే తీసిపారేసింది. గుండెలు, స్టామినా, విరిగిపోయే కత్తులు, అంతే.

ఇక ఫోన్ సంగతి. మా పిన్ని కొడుకు ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్లు చూసుకుంటూ గెన్షిన్ ఇంపాక్ట్ ఆడతాడు. 60 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. రోహిణి కార్తెలో చెరువు గట్టు మీద ఫోన్ వేడెక్కి 30కి పడిపోతే అది 33.3 అవుతుంది. డాడ్జ్ నొక్కినా అందదు. అలాంటప్పుడు వాణ్ని కాపాడేది పెంచుకున్న లెవెలే. బడ్జెట్ ఫోన్ వాడేవాళ్లకి అంకెలు నిజంగా ఒక సాయం. అంకెల్ని తిట్టే నాలాంటోళ్లు ఇది కూడా ఒప్పుకోవాలి. కాకపోతే అదే గేమ్‌లో లెవెల్ పెంచుకునే సామాన్లకి రెజిన్ కావాలి, అది 8 నిమిషాలకి ఒకటే నిండుతుంది. అక్కడ మీ చెయ్యి ఎంత తిరిగినా ఉపయోగం లేదు, కూర్చోవాల్సిందే.

మన దగ్గర ఈ కలయికని ప్రయత్నించినవాళ్లలో హైదరాబాద్‌కి చెందిన ఓగర్ హెడ్ స్టూడియో ఒకటి. 2017లో వచ్చిన వాళ్ల అసుర ఓపెన్ వరల్డ్ కాదు, పైనుంచి చూస్తూ ఆడే హ్యాక్ అండ్ స్లాష్. చచ్చి మళ్లీ మొదలుపెట్టినప్పుడల్లా లెవెల్స్‌తో పాటు స్కిల్ ట్రీ కూడా మారిపోతుంది. చిన్న ఆట కాబట్టి పోయినా బాధ లేదు. యాభై గంటల ఓపెన్ వరల్డ్‌లో అలా చేస్తే ఎవడూ ఊరుకోడు, పెంచుకున్నది నిలవాలి.

నా ఆశ ఏంటంటే, ఎవరైనా మైపాడు నుంచి కృష్ణపట్నం మీదుగా పులికాట్ దాకా ఒక మ్యాప్ చెయ్యాలి. బోటు స్కిల్ పెరిగితే డ్యామేజ్ కాదు, తుఫాను అలల్లో బోటు తక్కువ ఊగాలి.

కొత్త గేమ్ కొనేముందు స్కిల్ ట్రీ వీడియో ఒకటి చూడండి. వరసగా "5 శాతం డ్యామేజ్" అనే గళ్లే కనిపిస్తే ఆగండి. అయినా కొనేశారంటే, స్టీమ్‌లో 14 రోజుల్లోపు, 2 గంటలకంటే తక్కువ ఆడుంటే రీఫండ్ అడగొచ్చు.

మా నెట్ సెంటర్‌లో ఆ సౌకర్యం లేదు. వారం తర్వాత వెళ్లేసరికి మా సేవ్ మీద ఇంకెవరో సేవ్ చేసుకున్నారు. అంత ఈతా పోయింది. అప్పట్నుంచి మేమూ అందరిలాగే కూర్చోగానే హెసోయామ్ కొట్టేవాళ్లం.