సంఘ సభ్యులకు కంప్యూటరు పరిచయము

మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904వ సంవత్సరమున వెలువడినది. అధిక వడ్డీలకు అప్పులిచ్చువారి చేతులనుండి రైతులను తప్పించుట దాని ముఖ్యోద్దేశము. పత్రమునందేమి వ్రాసియున్నదో చదువలేక వ్రేలిముద్ర వేసి పొలములు పోగొట్టుకొన్న కుటుంబములను గూర్చి మన పెద్దలు చెప్పగా వినియున్నాము. సంఘము సభ్యులదే, లెక్కలు సభ్యులవే, కావున సభ్యుడు వానిని చూచి గ్రహింపగలిగియుండుటయే సహకారమునకు ప్రాణము.

ఆ లెక్కలు నేడు చిట్టా ఆవర్జాలను విడిచి కంప్యూటరులోనికి పోవుచున్నవి. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో కంప్యూటరులను నెలకొల్పుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. ఇది మేలైన పనియే. కాని పుస్తకమును విప్పి పుటలు త్రిప్పుట యెల్లరకు తెలియును. యంత్రమును తెఱచి కాగితమును వెదకుట కొందఱికే తెలియును. ఆ కొందఱి మాటయే మనకు ప్రమాణమైనచో, అక్షరములు వచ్చియు నిరక్షరాస్యులమే యగుదుము. అందుచే ఈ యంత్రము యొక్క మొదటి పాఠములను ఇచ్చట వివరించుచున్నాము.

ఆపరేటింగు సిస్టమనగా నేమి?

కంప్యూటరుచే పని చేయించు ఆజ్ఞల సముదాయమునకు ప్రోగ్రామని పేరు. జాబులు వ్రాయుటకొక ప్రోగ్రాము, లెక్కలు కట్టుటకొక ప్రోగ్రాము, బొమ్మలు చూచుటకు వేఱొకటి యుండును. ఇవన్నియు ఒకే యంత్రమును పంచుకొనవలెను. ఆ పంపకము చేయు మూల ప్రోగ్రామునే ఆపరేటింగు సిస్టమందురు. చెఱువు క్రింద నీరుకట్టువాడు వంతులు వేసి, ఒక పొలమునకు నీరు విడిచి, మఱియొక పొలమునకు మూయునట్లే, ఇదియు ప్రతి ప్రోగ్రామునకు వంతు వేసి యంత్రము నప్పగించుచుండును. ఒక్కొక్క వంతు సెకనులో నతిస్వల్ప భాగమగుటచే అన్ని పనులును ఒక్కసారియే జరుగుచున్నట్లు మనకు తోచును.

వీనిలో మిక్కిలి వాడుకలోనున్నది మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్. ఇది 1985లో మొదట వెలువడినది. రెండవది లినక్స్. ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనికి పునాది వేయగా, నానా దేశములవారు కూడి పెంచిరి. దీనిని ఎవ్వరైనను వెల లేక తీసికొనవచ్చును, మార్చుకొనవచ్చును. పలువురు కలిసి చేసి పలువురు ననుభవించు వస్తువగుటచే ఇది సహకార ధర్మమునకు మిక్కిలి సమీపము. మన సీడాక్ సంస్థవారు లినక్స్ ఆధారముగా బాస్ అను భారతీయ వ్యవస్థను రూపొందించిరి. పేరేదైనను మొదటి పాఠములు ఇంచుమించుగా నొక్కటియే.

మౌసు, తెర

చేతిక్రింద జరుపు పరికరమునకు మౌసని పేరు. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9వ తేదీన దీనిని సభలో ప్రదర్శించెను. అతని మొదటి మౌసు కొయ్యతో చేసిన చిన్న పెట్టె. దానిని బల్లపై జరిపినచో తెరపై బాణపు గుర్తు జరుగును. ఎడమ మీటను ఒకసారి నొక్కినచో వస్తువు నెంచుకొన్నట్లు. వెంటవెంటనే రెండుసార్లు నొక్కినచో తెఱచినట్లు. కుడి మీటను నొక్కినచో ఆ వస్తువుతో చేయదగిన పనుల పట్టిక కనబడును. మొదట చేయి వణకును. నాగలి పట్టిన మొదటినాడే చాలు తిన్నగా వచ్చినదా? మీట నొక్కినంతమాత్రమున యంత్రము చెడిపోవునను భయము వలదు. వ్రాయుటలో పొరపాటైనచో కంట్రోల్ మీటను పట్టి జెడ్ మీటను నొక్కినంతనే చాలవఱకు వెనుకటి స్థితి వచ్చును.

కళ్ళము, గాదె

కంప్యూటరులో జ్ఞాపకముంచుకొను స్థలములు రెండు. ర్యాము అనునది కళ్ళము వంటిది. పని జరుగుచున్నంతసేపు సరకు అచ్చటనే యుండును. డిస్కు అనునది గాదె వంటిది. కళ్ళములోని ధాన్యము గాదెకు చేరక మునుపు వాన కురిసినచో నష్టమే గదా! అట్లే వ్రాసినదానిని డిస్కునకు చేర్చక మునుపు కరెంటు పోయినచో అది తఱచుగా పోవును. చేర్చుటకు సేవు చేయుట యని పేరు. కంట్రోల్ మీటను పట్టి ఎస్ మీటను నొక్కినచో చాలును. పది పంక్తులకొకసారి ఇట్లు చేయువానికి కరెంటు పోయినను దిగులుండదు. పని ముగిసిన పిదప తెరపై షట్‌డౌన్ అను దానిని ఎంచి, యంత్రము తానే ఆగినంతవఱకు వేచియుండవలెనుగాని మీట లాగివేయరాదు.

ఫైలు, ఫోల్డరు

ఒక్కొక్క కాగితమునకు ఫైలనియు, ఫైళ్ళనుంచు సంచికి ఫోల్డరనియు పేరు. ఫోల్డరులో మఱియొక ఫోల్డరును ఉంచవచ్చును. పేరు పెట్టుటయందే నేర్పున్నది. "కొత్తది", "మఱియొకటి" యని పేర్లు పెట్టిన ఫైళ్ళు గడ్డివాములో సూదులే. "2025-06 ఎరువులు", "2025-07 ఎరువులు" అని సంవత్సరమును, నెలను ముందుంచినచో యంత్రమే వానిని వరుసగా నిలుపును.

తీసివేసిన ఫైలు మొదట రీసైకిల్ బిన్ అను బుట్టలో పడును, అచ్చటనుండి మరల తీసికొనవచ్చును. కాని పెన్‌డ్రైవులో తీసివేసినది సాధారణముగా ఆ బుట్టకు రాక నేరుగా పోవును. ఈ భేదమును మఱువరాదు.

తెలుగులో వ్రాయుట

ఇంగ్లీషు రానివారికి ఇది తగదనుట పొరపాటు. యూనికోడ్ అను అంతర్జాతీయ అక్షర పట్టికలో తెలుగునకు 1991 నుండియు స్థానము గలదు. విండోస్, లినక్స్ రెండింటను భాషల పట్టికలో తెలుగును చేర్చుకొన్నచో ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరిక లభించును. అందు అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతివైపు, హల్లులు విశేషముగా కుడిచేతివైపు నుండును. మన తీర్మానములను మన లిపిలోనే వ్రాసి, సభ్యులందఱును చదువునట్లు చేయవచ్చును.

తాళపుచెవి, విత్తనపు కుండ

సంఘపు ఇనుపపెట్టె తాళపుచెవిని ఎవ్వరును గోడకు వ్రేలాడదీయరు. పాస్‌వర్డును కాగితముపై వ్రాసి తెరకు అంటించుటయు అట్టిదే. గుమాస్తాకు, కార్యదర్శికి, అధ్యక్షునకు వేఱువేఱు పాస్‌వర్డులుండవలెను; అప్పుడే ఎవరేమి వ్రాసిరో తేలును. ఉన్నది ఒక్కటియే యై, అది ఒక్కరికే తెలిసినచో, ఆయన జబ్బుపడిన దినమున సంఘమే మూతపడును. కుర్చీ వీడి లేచునపుడు విండోస్ మీటను పట్టి ఎల్ మీటను నొక్కి తెరకు తాళము వేయవలెను.

2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము 150 దేశములకు పైగా వ్యాపించి, ఫైళ్ళకు తాళము వేసి, విడుదలకు సొమ్ము కోరినది. దానిని అడ్డు భద్రతా సవరణను మైక్రోసాఫ్ట్‌వారు అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, పంపియుండిరి. దానిని చేర్చుకొనని యంత్రములే విశేషముగా బాధపడెను. కావున సవరణలను వాయిదా వేయరాదు. విండోస్ 10 రకమునకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. మీ సంఘమున నున్న దేదో కనుగొనుడు.

విత్తనములన్నిటిని ఒకే కుండలో నుంచు రైతు లేడు. తీర్మానములు, ఎరువుల పట్టికలు, జాబులు మున్నగువానికి వారమునకొక నకలు తీసి, ఆ పరికరమును యంత్రమునుండి విడదీసి, వేఱొకచోట దాచవలెను. తగిలించియే యుంచినచో తెగులు దానికిని సోకును.

నేర్చుకొను విధము

దినమునకు అరగంట చాలును. మొదట మౌసు, పిదప ఫోల్డరు చేసి పేరు పెట్టుట, పిదప తెలుగున నాలుగు పంక్తులు వ్రాసి సేవు చేయుట, పిదప దానిని మూసి, వెదకి, మరల తెఱచుట. తానే మూసినదానిని తానే వెదకి తెఱవగలిగిననాడు మొదటి పాఠము పూర్తియైనట్లే. పదవ తరగతి చదువు పిల్లలున్న యింట ఉపాధ్యాయుని కొఱకు వెదకనక్కఱలేదు; పిల్లలవద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడనుం గూడదు.

సంఘములు నెలకొక మధ్యాహ్నము కార్యాలయపు యంత్రమును సభ్యుల యభ్యాసమునకు విడిచియుంచుట మంచిది. సభ్యులు తమ ఖాతాను తెరపై చూపుమని యడుగవలెను. రాబోవు మహాజనసభలో "నకలు ఎప్పుడు తీసితిరి? ఎచ్చట నున్నది? పాస్‌వర్డు లెందఱకు గలవు?" అను మూడు ప్రశ్నలను ప్రతి సంఘమునను ఎవరో ఒక రైతు లేచి యడుగవలెనని కోరుచున్నాము. అడుగువాడున్నచోటనే లెక్క నిలుచును.