తీగ గులాబీలలో కొమ్మల వంపు, పూత

తీగ గులాబీ పెంచేవారి నుండి తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటే: మొక్క మేడపైకి ఎక్కింది గాని, పూలు కొసన నాలుగే కనిపిస్తున్నాయి. ఎరువు చాలలేదని తలచి యూరియా వేస్తారు. కొమ్మలు మరింత పొడవు సాగుతాయే తప్ప పూత పెరగదు. లోపం ఎరువులో లేదు. కొమ్మను నిలువునా పోనిచ్చిన తీరులో ఉన్నది.

వాస్తవానికి గులాబీ తీగజాతి మొక్క కాదు. చిక్కుడు వలె ఆధారాన్ని చుట్టుకోదు, కాకర వలె నులితీగలు వేయదు. పొడవైన కొమ్మలను పక్క చెట్లపై వాల్చి, కిందికి వంగిన ముళ్ళతో పట్టు సంపాదిస్తుంది. మణిపూర్ కొండలలో సహజంగా పెరిగే రోజా జైజాంటియా ఈ విధంగానే వృక్షాలపైకి ఎగబాకుతుంది. తోటలో ఆ పట్టును పెంచేవారే కల్పించాలి.

కొమ్మ కొసన తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి ప్రవహిస్తూ దిగువ కణుపులలోని మొగ్గలను నిద్రాణస్థితిలో ఉంచుతుంది. దీనినే అగ్రాధిక్యత అంటారు. కొమ్మను అడ్డంగా వంచి కట్టినప్పుడు ఈ ఆధిక్యత సడలుతుంది. కొమ్మ పొడవునా కణుపుల నుండి పక్క రెమ్మలు లేచి, వాటి చివర పూలు పూస్తాయి. ఒక నిలువు కొమ్మ ఒక గుత్తి పూసే చోట, అదే కొమ్మ వాలుగా ఉంటే పది చోట్ల పూయగలదు.

అందుచేత నాటడానికి ముందే గోడకు నేల నుండి 45 సెం.మీ. ఎత్తున మొదలుపెట్టి, 40 సెం.మీ. దూరంలో అడ్డంగా ఇనుప తీగలు బిగించాలి. తీగలకు, గోడకు మధ్య గాలి ఆడేటట్లు 8–10 సెం.మీ. ఎడం విడవాలి, లేనిచో బూడిద తెగులు అధికమవుతుంది. మొక్కను గోడకు 45 సెం.మీ. దూరంలో, మొక్కల మధ్య 2–3 మీ. ఎడంతో నాటాలి. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో పడమటి గోడ వేసవిలో కొలిమి వలె కాగుతుంది కనుక తూర్పు ముఖం మేలు.

కొమ్మలు లేతగా ఉండగానే విసనకర్ర ఆకారంలో ఇరువైపులా వంచాలి. ముదిరిన కొమ్మను వంచబోతే మొదట్లోనే చీలుతుంది. కట్టడానికి జనపనార దారం గాని అరటి నార గాని వాడి ముడిని వదులుగా వేయాలి. సన్నని ఇనుప తీగ బెరడును కోసివేస్తుంది.

కత్తిరింపులలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. అక్టోబరులో పొద గులాబీలతో పాటు వీటినీ మోకాలి ఎత్తుకు నరికివేయడం వలన ఆ ఏటి పూత చాలావరకు పోతుంది. క్లైంబింగ్ పీస్ వంటి, పొద రకాలలో ఆకస్మిక మార్పు వలన పుట్టిన రకాలను తొలిదశలో బలంగా కత్తిరిస్తే తిరిగి పొద రూపానికి మళ్ళే అవకాశమూ ఉంది. మొదటి రెండేళ్ళు ఎండిన పుల్లలను తప్ప ఏమీ తీయరాదు. తరువాత ప్రధాన కొమ్మలను అట్లే ఉంచి, పూసిన పక్క రెమ్మలను మాత్రమే రెండు మూడు కణుపులకు కుదించాలి. బాగా ముదిరి పూత తగ్గిన కొమ్మను ఏటా ఒకటి చొప్పున మొదలంటా తొలగిస్తే కొత్త కొమ్మకు చోటు దొరుకుతుంది. ఏటా ఒక్కసారే, పాత కొమ్మలపై పూసే బ్యాంక్సియా వంటి జాతులను పూత ముగిసిన వెంటనే కత్తిరించాలి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూస్తే కొమ్మ ఎండు తెగులు సోకే ప్రమాదం తగ్గుతుంది. తరువాత మొక్కకు 5–10 కిలోల చివికిన పశువుల ఎరువు వేసి నీరు పెట్టాలి.

అంటు కట్టిన చోటుకు దిగువన, వేరుమూలం నుండి బలమైన రెమ్మలు పుడుతుంటాయి. మొక్క పుంజుకున్నదని సంతోషించి వాటినే గోడకు ఎక్కించేవారున్నారు. ఆకులోని రేకుల సంఖ్యను బట్టి వీటిని గుర్తించవచ్చునన్న నమ్మకం ప్రతిసారీ నిజం కాదు. మట్టి తొలగించి, రెమ్మ ఎక్కడ మొదలైందో చూడటమే సరైన పరీక్ష. అట్టి రెమ్మను కత్తెరతో కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. పుట్టిన చోటు నుండే పెరికివేయాలి.