రెండో అంతస్తుకు 15 మీటర్ల దారి

సికింద్రాబాద్ కార్ఖానాలో మా ఇంటి చివరి గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. మూడు గోడల వెంట 2 అడుగుల బల్ల, దాని మీద హెచ్‌ఓ కొలతలో వేసిన రైలు మార్గం. హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు. ఐసీఎఫ్ రకం రైలు పెట్టె బఫర్లతో కలిపి 22.3 మీటర్లుంటే, బల్ల మీద 25.6 సెంటీమీటర్లు వస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్లో ఆగే 24 పెట్టెల బండిని ఉన్నదున్నట్టు నిలబెడదామంటే ఇంజను కాకుండానే 6 మీటర్లు దాటుతుంది. మా పొడుగు గోడే 3.66 మీటర్లు! ఆరు పెట్టెలతో సర్దుకున్నా బండి 1.77 మీటర్లు. అలాంటివి రెండు నిలిపితే బల్ల నిండిపోతుంది. అప్పుడు చూపు పైకి పోతుంది: ఇంకో అంతస్తు వేస్తే?

బల్ల వేయడం పెద్ద పని కాదు. గోడకు బ్రాకెట్లు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, వడ్రంగికి ఒక రోజు. కింది బల్ల నేల నుంచి 90 సెంటీమీటర్లుంటే పైది 130లో ఉండాలి. ఆ 40 సెంటీమీటర్ల సందు తగ్గితే, కింద పట్టాలు తప్పిన పెట్టెను తీయడానికి చెయ్యి దూరుతుంది కానీ కంటికి ఏమీ కనపడదు. చిక్కంతా ఆ 40 సెంటీమీటర్లూ బండి ఎలా ఎక్కుతుందన్న దగ్గరే ఉంది.

పట్టాల పక్కన గ్రేడియంట్ బోర్డు మీద రాసి ఉండేది ఈ లెక్కే. 100కి 1 అంటే వంద మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కుతాం. 50కి 1 పెట్టినా 40 సెంటీమీటర్లు ఎక్కడానికి 20 మీటర్ల పట్టా కావాలి. మా నాలుగు గోడలూ కలిపితే 13.4 మీటర్లే, అందులో తలుపు కూడా పోవాలి. ఇక మిగిలిన దారి స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటూ పైకి పోవడమే. దీన్నే హెలిక్స్ అంటారు. డార్జిలింగ్ రైలుకు 1919లో బతాసియా దగ్గర వేసిన లూప్‌లో ఉన్నదీ ఈ ఉపాయమే, అక్కడ ఒక్క చుట్టుతో.

చుట్టు వ్యాసార్ధం 60 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక చుట్టుకు 3.77 మీటర్ల పట్టా. చుట్టుకు 10 సెంటీమీటర్ల చొప్పున ఎక్కితే నాలుగు చుట్లు, మొత్తం 15 మీటర్లు. ఈ ఎత్తు దాదాపు 37కి 1. ఆ అంకె చూడగానే నాకు కర్జత్ గుర్తొచ్చింది. ముంబై నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్ళకు తెలుసు, కర్జత్‌లో బండి వెనక ఇంజన్లు తగిలించి భోర్ ఘాట్ ఎక్కిస్తారు. ఆ ఘాట్ ఎత్తూ 37కి 1. అంటే మా చివరి గదిలో నేను భోర్ ఘాట్ కట్టబోతున్నానన్నమాట. పైగా ఘాట్‌లో నేరుగా సాగే దారి కూడా ఉంటుంది. హెలిక్స్‌లో 15 మీటర్లూ మలుపే, చక్రం అంచు పట్టాను రాస్తూనే పోవాలి.

చుట్టుకు 8 సెంటీమీటర్లే పెడితే ఎత్తు 47కి 1కి దిగుతుంది. కానీ ప్లైవుడ్డూ పట్టా మందమూ కలిపి 2 సెంటీమీటర్లు పోగా మిగిలేది 6. మన కరెంటు తీగ పట్టాల నుంచి 5.5 మీటర్ల ఎత్తున ఉంటుంది, హెచ్‌ఓలో అది 6.3. పాంటోగ్రాఫ్ లేపిన ఇంజను అందులో దూరదు.

చోటు కలిసొస్తుందని ముందు 45 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక్క చుట్టు కట్టి చూశాను. 28కి 1. నాలుగు పెట్టెలతో ఇంజను మూలుగుతూ ఎక్కింది. అయిదోది తగిలించగానే చుట్టు సగంలో ఆగిపోయింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలదు. చివరి పెట్టెకు చూపుడు వేలు ఆనించాను, అంతే, మెల్లగా కదిలి పైకి వచ్చేసింది. కర్జత్‌లో వెనక ఇంజను చేసే పనేమిటో నాకు ఆ వేలి కొసకు తెలిసింది.

60 సెంటీమీటర్లకే కట్టుబడితే ఆ చుట్టలు గదిలో 130 సెంటీమీటర్ల చదరం తినేస్తాయి. 120 చదరపు అడుగుల్లో 18 పోయినట్టే. గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని 87వ వంతుకు దించితే సెకనుకు 19 సెంటీమీటర్లు. ఆ లెక్కన బండి చుట్టల చాటున దాదాపు 80 సెకన్లు కంటికి కనపడదు. ఎండాకాలం సంగతీ చూసుకోవాలి. గది వేడి 20 డిగ్రీలు పెరిగితే 15 మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా 5 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. అతుకుల దగ్గర సందు వదలకపోతే మే నెలలో పట్టా వంకర తిరుగుతుంది.

ఇంత చేశాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అసలు బండి ఎందుకెక్కాలి? మాకు దగ్గర్లోనే పరేడ్ గ్రౌండ్స్ ఉంది. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు మెట్రో మొదలయ్యాక అక్కడ రెండు లైన్లు ఒకదాని మీదుగా ఒకటి పోతున్నాయి. కింది బండి పైకెక్కదు, పైది కిందికి దిగదు. ఎక్కి దిగేది మనుషులు, ఎస్కలేటర్ మీద.

మా గదిలోనూ కింద రైలు, పైన మెట్రో పెడితే బండి ఎక్కాల్సిన పనే లేదు. ఇందులో ఇంకో కలిసొచ్చే సంగతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19.3. దుకాణంలో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. ఇన్నాళ్ళూ ఈ తేడాతోనే నెట్టుకొస్తున్నాం. మెట్రోది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్, భాగిస్తే సరిగ్గా 16.5. అంటే పై అంతస్తు మెట్రోది అయితే అక్కడి పట్టా పూర్తిగా నిజమైన కొలతే.

ఒలిఫెంటా బ్రిడ్జి దగ్గర మెట్రో రైల్వే లైన్ల మీదుగా దాటిపోతుంది కదా, నేను ఇప్పుడు కడుతున్నది అదే. రెండు లైన్ల వయాడక్టుకు 12 సెంటీమీటర్ల వెడల్పు చాలు, చెయ్యి పక్క నుంచి పోతుంది కాబట్టి 40 సెంటీమీటర్ల సందూ అక్కర్లేదు. తీగ తగలకుండా 10 సెంటీమీటర్లు పైన ఉంటే సరి. హెలిక్స్ కోసం వదిలిన 18 చదరపు అడుగుల మూలలో మౌలాలి లోకో షెడ్ లేస్తోంది. రెండు పట్టాలు పడ్డాయి, మూడోదానికి రసమట్టం పెట్టి చూస్తున్నాను.