మిరుగు వాన, పాత లెక్కలు

బిడ్డా, మిరుగు చొచ్చిందంటే మన నారాయణఖేడ్ చుట్టుపక్కల రైతులందరి చూపూ మబ్బు మీదే ఉంటది. ఒక పెద్ద వాన పడుతుంది. నల్లరేగడి నిగనిగలాడుతూ కనబడుతుంది. ఊరంతా పత్తి గింజలు పెట్టేస్తుంది. కానీ చేన్లోకి దిగి వేలు గుచ్చి చూడు, రెండంగుళాల కింద పొడి మన్నే తగులుతుంది. ఆ పైతడికే మొలక లేస్తుంది. తర్వాత పది రోజులు వాన మొహం చాటేస్తే తల వాల్చేస్తుంది. మళ్లీ ప్యాకెట్లు కొనాలి, మళ్లీ కూలి ఇచ్చుకోవాలి. అందుకే వ్యవసాయాధికారులు బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి పెట్టమని మొత్తుకుంటారు.

అంత వాన పడేదాకా ఆగడం ఒక ఎత్తు, పడ్డాక అది నిలుస్తుందా లేదా అన్నది ఇంకో ఎత్తు. ఈ రెండోదాన్ని ముందే అంచనా కట్టాలంటే పాత లెక్కలు తిరగెయ్యాలి. ఏ ఏడు ఏ తేదీన ఎంత వాన పడింది, తర్వాత ఎన్నాళ్లు ఎండ కాసింది, పంట ఎట్లా వచ్చింది అన్న వేలాది లెక్కల్ని కందులు జల్లెడ పట్టినట్టు కంప్యూటర్ పట్టి, మళ్లీ మళ్లీ కనబడే వరసను ఏరుతుంది. దీన్నే డేటా మైనింగ్ అంటున్నారు. మన పెద్దవాళ్లు ఏడాదిని 27 కార్తెలుగా విడదీసి ఏ కార్తెలో ఏం విత్తాలో చెప్పారు. అదీ తరాల తరబడి చూసి ఏరిన వరసే. నాకు దాని మీద చాలా గౌరవం. కాకపోతే కార్తె అన్ని ఊర్లకూ ఒకటే. వాన అట్లా కాదు, మనూర్‌లో కురిసిన రోజు కంగ్టిలో చుక్క రాలకపోవచ్చు.

మన హైదరాబాద్ బస్సు సంగారెడ్డి దాటాక పటాన్‌చెరు వస్తుంది కదా, అక్కడే ఇక్రిశాట్ ఉంది. 1972లో పెట్టారు. మన జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి లాంటి మెట్ట పంటల మీదే దాని పని. వాళ్లు 2016లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఒక ప్రయోగం చేశారు. 1986 నుంచి 2015 దాకా ఆ ప్రాంతపు వాతావరణ లెక్కలు తీశారు. పంట అడిగే నీళ్లెన్ని, నేల ఇవ్వగలిగినవెన్ని అన్న నిష్పత్తి కట్టారు. దాన్నిబట్టి పల్లి ఎప్పుడు విత్తాలో 175 మంది రైతులకు తెలుగులోనే ఎస్ఎంఎస్ పంపారు. జూన్ మొదట్లో వద్దు, నెలాఖరు దాకా ఆగమన్నారు. ఆగినవాళ్లకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఇక్రిశాట్ చెప్పింది. అది ఒక మండలం, ఒక పంట, ఒక వానాకాలం ముచ్చట. మన రేగడిలో పత్తికీ కందికీ అదే తేదీ పనికిరాదు. మన లెక్కలు మనం తియ్యాల్సిందే.

ఈ పని కంప్యూటర్లు రాకముందే మొదలైంది తెలుసా? 1899 నాటి ఘోరమైన కరువు తర్వాత, 1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణిత పండితుడు మన దేశ వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చాడు. మన గుమాస్తాలను కూర్చోబెట్టి, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన వాన, వేడి, గాలి ఒత్తిడి లెక్కలన్నీ చేత్తోనే పోల్చి చూపించాడు. పసిఫిక్ మీద గాలి ఒత్తిడి పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం మీద తగ్గుతోందని, దానికీ మన వానకూ లంకె ఉందని తేలింది. ఎందుకో ఆయనకు తెలియదు. సముద్రపు నీళ్లు వేడెక్కడమే దానికి మూలమని 1960లలో బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త విడమరిచి చెప్పాడు. ఎల్‌నినో అని టీవీలో వింటున్నావే, అదే.

వరస దొరికింది, కారణం తర్వాత తెలిసింది. అక్కడ నష్టం లేదు. వైద్యంలో మాత్రం కారణం అడక్కుండా అడుగు వేస్తే ప్రాణం పోతుంది. 1990లలో అమెరికాలో న్యుమోనియా రోగుల పాత రికార్డులు కంప్యూటర్‌కు నేర్పారు. ఎవరిని ఆసుపత్రిలో ఉంచాలి, ఎవరిని ఇంటికి పంపవచ్చు అని అడిగారు. దమ్ము ఉన్నవాళ్లకు న్యుమోనియా వస్తే ప్రమాదం తక్కువ అన్న వరస అందులోంచి బయటపడింది. ఇదేం విడ్డూరం? దమ్ము మనిషికి నిమ్ము తోడైతే ఎంత కష్టమో మన ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. విషయమేమిటంటే, దమ్ము రోగి రాగానే డాక్టర్లు భయపడి నేరుగా ఐసీయూలో పెట్టి కంటికి రెప్పలా చూసేవారు, అందుకే బతికేవారు. రికార్డులో బతికినట్టు ఉంది, ఎందుకు బతికాడో కంప్యూటర్‌కు పట్టలేదు. రిచ్ కరువానా అనే పరిశోధకుడు దీన్ని చూసి, బాగా లెక్క చెప్తున్నా సరే, తాను తయారుచేసిన ఆ పద్ధతిని రోగుల మీద వాడొద్దన్నాడు. నా దృష్టిలో అంతకన్నా గొప్ప శాస్త్రం లేదు.

మన దగ్గరా ఈ పని నడుస్తోంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి రోగుల రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించింది. పిల్లల కంటి పవర్ ముందుముందు ఎంత పెరుగుతుందో వాటినిబట్టి అంచనా కట్టే పనిలో 2016 చివర మైక్రోసాఫ్ట్‌తోనూ, విదేశీ కంటి సంస్థలతోనూ చేతులు కలిపింది. ఈ లెక్కకు పిల్లవాడి వయసు ముఖ్యం. ఏడేళ్లకు అద్దాలు రావడం వేరు, పదమూడేళ్లకు రావడం వేరు. మా కాలంలో బడిలో చేర్పించేటప్పుడు పుట్టిన తేదీ ఎవరికీ గుర్తుండేది కాదు. సారు తనకు తోచింది రాసేవాడు, క్లాసులో సగం మందికి పుట్టిన నెల జూనే. అట్లాంటి రిజిస్టర్‌ను ఎంత పెద్ద కంప్యూటర్‌కు ఇచ్చినా ఏం లాభం? రేపు మీ బడికి కళ్లు చూసేవాళ్లు వస్తే అమ్మనడిగి అసలు తేదీ చెప్పు. మీ దోస్తులకూ చెప్పు.