పిత్తాశయ రాయి వల్ల పేగు అవరోధం

పిత్తాశయ రాళ్లు పిత్తనాళానికి అడ్డుపడి కామెర్లు కలిగించడం గురించి మీరు ముందు భాగంలో చదివారు. రాయి నాళం గుండా కాక వేరే దారిన పేగులోకి చేరితే ఏమవుతుంది?

పిత్తాశయం పదేపదే వాచినప్పుడు దాని గోడ పక్కనున్న ఆంత్రమూలానికి అతుక్కుంటుంది. రాయి ఒత్తిడికి రెండు గోడలూ ఒరుసుకుపోయి రంధ్రం పడుతుంది. దీన్నే ఫిస్టులా అంటారు. దాని గుండా జారిన రాయి చిన్నదైతే మలంతో బయటికి పోతుంది. సుమారు 2.5 సెంటీమీటర్లు మించితే పేగులో ఇరుక్కోవచ్చు. ఎక్కువగా ఇరుక్కునేది ఇరుకైన శేషాంత్రికం చివర. ఈ స్థితికి 'గాల్‌స్టోన్ ఇలియస్' అనే పేరు స్థిరపడింది కానీ, అది సరైన పేరు కాదు. ఇలియస్ అంటే పేగు కదలిక ఆగిపోవడం. ఇక్కడ మూసుకుపోయేది దారి.

రోగి సాధారణంగా వృద్ధురాలు. కడుపునొప్పి, ఉబ్బరం, వాంతులు ఉంటాయి. రాయి ఇరుక్కుని, మళ్లీ కదిలి, మరోచోట ఇరుక్కోవడం వల్ల బాధ తగ్గినట్టే తగ్గి తిరిగి వస్తుంది. రోగనిర్ధారణ ఆలస్యం కావడానికి ఇదొక ముఖ్య కారణం. హెర్నియా గానీ, పాత ఆపరేషన్ మచ్చ గానీ లేని వృద్ధురాలికి పేగు మూసుకుపోతే ఈ వ్యాధిని తప్పక అనుమానించాలి.

1941లో రిగ్లర్ ఎక్స్‌రేలో చూడవలసిన గుర్తులు చెప్పాడు: పిత్తనాళాల్లో గాలి, ఉబ్బిన చిన్నపేగు, ఉండకూడని చోట రాయి. కాల్షియం తక్కువగా ఉన్న రాయి ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి మూడూ ఒకేసారి దొరకడం అరుదు. నేడు సి.టి. స్కాన్ మీదే ఎక్కువగా ఆధారపడతారు.

ముందుగా సెలైన్ ఎక్కించి, ముక్కు గొట్టంతో కడుపు ఖాళీ చేస్తారు. ఆపరేషన్‌లో రాయిని వీలైతే కొంచెం వెనక్కి జరిపి, ఆరోగ్యంగా ఉన్న పేగును నిలువుగా కోసి తీస్తారు. కుట్లు మాత్రం అడ్డంగా వేస్తారు. ఎందుకో ఆలోచించండి: నిలువు కోతను నిలువుగానే కుడితే పేగు సన్నబడుతుంది. తీసిన రాయికి సానపట్టినట్టు పలకలుంటే మరో రాయి ఉందని అనుమానం. అందుకే పేగంతా చేత్తో తడిమి చూడాలి.

అదే ఆపరేషన్‌లో పిత్తాశయాన్ని తీసి ఫిస్టులాను మూయాలా? 1994లో రైస్నర్, కోహెన్ 1001 కేసులను సమీక్షించారు. రాయి మాత్రమే తీసినవారిలో మరణాలు 11.7 శాతం, అన్నీ ఒకేసారి చేసినవారిలో 16.9 శాతం. నీరసించిన వృద్ధులకు రాయి తీసి ఆపడమే క్షేమం. పిత్తాశయంలో రాళ్లు మిగలకపోతే ఫిస్టులా తనంతట తానే మూసుకుపోవడమూ కద్దు.